మొదటి పరుగు ఎవరిది

వారం 1, సోమవారం

ఈ సీజన్‌కి డిఫెండర్లు ఐదుగురు. నలుగురు ఆడతారు, ఒకరు బెంచీ మీద కూర్చుంటారు. పోయిన ఏడాది ఏడుగురు ఉండేవారు. కోచ్ దేవదానం సారు గోడ మీద పట్టికలో ఆ ఐదు పేర్లే రాశారు.

ఆరో గని హాకీ జట్టుకు నేను మేనేజర్‌ని. పేరు కనకలక్ష్మి, వయసు నలభై ఆరు. ఈ రిజిస్టర్ రాయాలని లీగ్ నియమం. ఎవరైనా చదువుతారో లేదో తెలియదు.

ఐదుగురి పేర్లు: ఓదెలు, త్రివేణి, రాజకళ, ప్రభుదాస్, యాకూబ్. జాబితాలో మొత్తం పదహారు మంది ఆటగాళ్లు, కోచ్, మేనేజర్. ఈ పద్దెనిమిది మందికీ, వాళ్ల ఇంటివాళ్లకీ మూడో లెవెల్‌లో గదులు ఉంటాయి. చల్లగాలి యంత్రం మూడో లెవెల్‌లోనే ఉంది కాబట్టి ఇక్కడ ఇరవై ఏడు డిగ్రీలు. మొదటి లెవెల్‌కి చేరేసరికి ఆ గాలిలో చలువ మిగలదు, అక్కడ ముప్పై తొమ్మిది. గని పైన ఇవాళ యాభై మూడు.

సీజన్ మధ్యలో కొత్త పేరు చేర్చడానికి వీల్లేదు. కొట్టేయడానికి మాత్రం ఉంది. పేరు కొట్టేస్తే వారంలో గది ఖాళీ చేయాలి. ఎనిమిది గనుల్లో చివరి రెండు స్థానాల్లో నిలిచిన జట్లకు నాలుగేసి గదులు తగ్గిస్తారు. పోయిన ఏడాది మేము ఆరో స్థానం.

సాయంత్రం షిఫ్ట్ మొదలయ్యే ముందు నఫీసా వచ్చి పదహారు మందికీ సూది వేసింది. నఫీసా మా జట్టు కాంపౌండర్. ఒక్క సూదితో ఆరు వారాలు నొప్పి తెలియదు. నేను ఆడిన పదకొండేళ్లూ తీసుకున్నాను. మానేసి ఏడేళ్లయింది. ఇప్పటికీ వేడి గిన్నె ముట్టుకుంటే, చెయ్యి కాలిందని చర్మం చూసుకుని తెలుసుకోవాలి.

వారం 2, ఆదివారం

రెండో మ్యాచ్. మూడో గని మీద ఒకటి సున్నాతో గెలిచాం.

ఆట అయిపోయాక ప్రభుదాస్ బూటు విప్పితే సాక్సు తడిగా ఉంది. పాదంలో ఎముక మూడు ముక్కలైంది. రెండో సగం మొదట్లోనే విరిగి ఉంటుందని నఫీసా అంది. ఆ పాదంతోనే ఇరవై నిమిషాలు పరుగెత్తాడు. దాన్ని చూసి అతను నవ్వాడు. వేరే ఎవరిదో పాదం చూస్తున్నట్టుగా వేలితో అటూ ఇటూ కదిపాడు. నఫీసా చెయ్యి పట్టుకుని ఆపింది.

పేరు కొట్టేశాను. డిఫెండర్లు నలుగురు. అంటే బెంచీ మీద ఎవరూ లేరు.

వారం 3, బుధవారం

యాకూబ్ గదికి వచ్చి సూది మానేస్తానన్నాడు. సూది లేనివాడు ఆడకూడదని నియమం ఉందని చెప్పాను. తెలుసన్నాడు. నెల కిందట అతనికి కూతురు పుట్టింది. ఆ మధ్యనే చూసి వచ్చాను, నెత్తినిండా జుట్టుంది.

“బిడ్డ నా వేలు పట్టుకుంటదక్కా. చూస్తె గాని తెలుస్తలేదు,” అన్నాడు.

సూది నొప్పినే ఆపాలి. ఏళ్ల తరబడి తీసుకుంటే తాకిడి కూడా పోతుంది. ఈ సంగతి జట్టులో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. పసిపిల్లతో మొదటి లెవెల్‌కి పోతే ఆ వేడికి ఎట్లా అని అడిగాను. అత్తగారి వాళ్లు అక్కడే ఇరవై ఏళ్లుగా ఉంటున్నారని, తడి గోనెలు కట్టుకుని పిల్లల్ని పెంచుతున్నారని చెప్పాడు. ఆపే మాట దొరికినా ఆపేదాన్నా అంటే తెలియదు.

పేరు కొట్టేశాను. డిఫెండర్లు ముగ్గురు. మధ్యలో ఆడేవాళ్లలోంచి ఒకర్ని వెనక్కి దించుదామని దేవదానం సారు అన్నారు. గోడ మీద పట్టికలో ఆ పేరు పక్కకు జరిపాను.

వారం 4, మంగళవారం

ప్రతి నెలా చేసే స్కాన్‌లు ఇవాళ అయ్యాయి. నఫీసా అందర్నీ పంపేసి నన్నొక్కదాన్నే ఉండమంది. తెర మీద ఓదెలు తుంటి ఎముక చూపించింది. కీలు గిన్నె అంచున సన్నటి గీత ఉంది. వెంట్రుక పడిందనుకున్నాను, తుడవబోయాను. పగులు అంది.

ఓదెలు మా కెప్టెన్. వయసు ముప్పై నాలుగు. పెనాల్టీ కార్నర్ పడ్డప్పుడు మొదట పరుగెత్తేది అతనే. చదివేవాళ్లకు ఆట తెలియకపోతే చెప్పాలి. ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నర్ వస్తే మా గోల్ గీత వెనక గోల్ కీపర్ కాక నలుగురం మాత్రమే నిలబడతాం. వాళ్లు గీత మీది నుంచి బంతి బయటికి తోస్తారు, ఒకరు ఆపుతారు, ఒకరు గోల్ మీదికి కొడతారు. ఆ కొట్టేవాళ్ల మీదికి మాలో ఒకరు తిన్నగా ఉరకాలి. బంతి ఎక్కడ తగిలినా ఆగకూడదు. పదకొండేళ్లు ఆ పరుగు నాది. తర్వాత ఏడేళ్లుగా ఓదెలుది.

పగులు ఉంటే రిజిస్టర్‌లో రాసి పేరు కొట్టేయాలి. కొట్టేస్తే అతని భార్య స్వరూప పైకి పోవాలి. స్వరూప నాలుగేళ్ల కిందట గని పైన సోలార్ పలకల దగ్గర పని చేస్తూ వడదెబ్బతో పడిపోయింది. బతికింది గాని అప్పటి నుంచి ఒంటికి చెమట పట్టదు. మూడో లెవెల్‌లో కూడా మెడకు తడిగుడ్డ కట్టుకునే తిరుగుతుంది. మొదటి లెవెల్‌లో ఎన్నాళ్లు ఉండగలదని నఫీసాని అడిగాను. నాలుగు రోజులు, మహా అయితే ఐదు అంది.

ఆదివారం మ్యాచ్ ఏడో గనితో. పట్టికలో మాకంటే ఒక్క మెట్టు కింద ఉన్నారు వాళ్లు.

నఫీసా నా వైపు చూసి, ఏం రాయమంటావని అడిగింది. ఆదివారం అయ్యాక రాద్దామన్నాను. ఓదెలుకి చెబుదామా అంది. అది కూడా ఆదివారం అయ్యాకే అన్నాను.

వారం 4, ఆదివారం

ఏడో గని మీద రెండు ఒకటితో గెలిచాం. మా మీద నాలుగు పెనాల్టీ కార్నర్లు పడ్డాయి. నాలుగుసార్లూ ఓదెలు ఉరికాడు. బాగా ఉరికాడు. మూడోసారి కొంచెం పక్కకు ఒరిగి లేచాడు. నేను బెంచీ పక్కన నిలబడి ఆ పరుగులే చూశాను. గోల్ పడిందో లేదో రెండుసార్లు పక్కవాళ్లను అడిగాను.

వారం 5, మంగళవారం

నఫీసా మళ్లీ స్కాన్ తీసింది. ఈసారి వెంట్రుక అనుకోలేదు. గీత రెండింతలైంది, చివర చీలింది. ఇంకో మ్యాచ్ ఆడితే కీలు ఊడిపోతుందని, ఇక ఎప్పటికీ నడవలేడని చెప్పింది. ఈ మాట తనే చెబుతాననలేదు. నేను పోయాను.

ఓదెలు గదిలో నేల మీద కూర్చుని స్టిక్‌కి పట్టీ చుడుతున్నాడు. స్వరూప నీళ్లలో గుడ్డ ముంచి పిండుతోంది. చెప్పాను. ఎక్కువ మాటలు పట్టలేదు.

“ఎన్నడు తెల్సింది?” అన్నాడు.

“పోయిన మంగళారం.”

“మ్యాచ్‌కు ముంగటనే.”

“ముంగటనే.”

పట్టీ చుట్టడం పూర్తి చేసి చివర పళ్లతో తెంపాడు. తర్వాత తుంటి మీద చెయ్యి పెట్టుకుని నొక్కాడు. ఏమీ తెలియడం లేదని తల ఊపాడు. నేను చెప్పింది నిజమో కాదో తన ఒంటిని అడిగి చూస్తున్నట్టుంది.

స్వరూప గుడ్డ మెడకు చుట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

“ఆయనకు కోపం రాదక్కా. ఎనిమిదేండ్ల సంది సూదే గదా,” అంది. “నాకొచ్చింది. చాయ్ పెడుతున్న, తాగి పో.”

చాయ్ తాగాను. గది దాటి వచ్చాక వరండా గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. సిగ్గు వస్తుందని ఎదురుచూశాను. చేసింది తప్పని తెలుసు, ఎవరి పట్ల చేశానో తెలుసు, అన్నీ వరసగా చెప్పగలను. లోపల మాత్రం ఏదీ కదల్లేదు. మా అమ్మ పోయిన రోజు కూడా నేను ప్రాక్టీసుకి వచ్చాను. ఆ రోజు ఎన్ని కార్నర్లు ఆపానో ఇప్పటికీ చెప్పగలను.

వారం 5, గురువారం

రెండు రోజులు నియమాల పుస్తకం చదివాను. కొత్త పేరు చేర్చకూడదని ఉంది. ఉన్న పద్దెనిమిది మందిలో ఎవరు ఏ పని చేయాలో మార్చకూడదని ఎక్కడా లేదు. మేనేజర్‌కి స్కాన్ అక్కర్లేదు, సూది అక్కర్లేదు. ఆటగాడికి వయసు పరిమితి కూడా లేదు. ఇట్లా ఎవరైనా అడుగుతారని అనుకుని ఉండరు.

దేవదానం సారుకి చెప్పాను. ఓదెలుని మేనేజర్‌గా, నన్ను డిఫెండర్‌గా రాద్దామన్నాను. ఆయనకు అరవై రెండేళ్లు. గదుల కోసం చీట్లు తీసిన కాలం చూసినవాడు. చీటీ రానివాళ్లు వచ్చినవాళ్లను కత్తులతో పొడిచిన రోజుల్లో ఆయన అన్న పోయాడు. ఆ తర్వాతే హాకీ పెట్టారు. చాలాసేపు నా మోకాళ్ల వైపు చూశారు.

“బెంచీ మీద కూసుంటవు అంతే గదా,” అన్నారు.

అంతేనన్నాను. మధ్యలో ఆడే ఇంకొకర్ని కూడా వెనక్కి దించుతామని, త్రివేణి, రాజకళలతో కలిపి నలుగురవుతారని, నేను ఐదోదాన్నని చెప్పాను. ఓదెలు బదులు మొదటి పరుగు రాజకళది. సారు సంతకం పెట్టారు.

ఓదెలు కూడా పెట్టాడు. రిజిస్టర్ మాత్రం నన్నే రాయమన్నాడు, తనకు పేర్లు రాయడం వరకే వచ్చట.

వారం 6, సోమవారం

నిన్న రెండో గని చేతిలో మూడు సున్నాతో ఓడాం. నేను దిగలేదు.

ఇవాళ అందరితో పాటు నాకూ సూది. చెయ్యి చాపితే నఫీసా కాసేపు సూది పైకెత్తి పట్టుకుని ఆగింది. ఏడేళ్లు కష్టపడి కాస్త స్పర్శ తెచ్చుకున్నావు, అదీ పోతుంది అంది. ఎంత తెచ్చుకున్నానని అడిగాను. చెయ్యి తుడిచి వేసింది.

ఓదెలు చేతికర్రతో గ్రౌండ్‌కి వస్తున్నాడు. పాత యంత్రాల హాల్లో రబ్బరు పరిచిన మా గ్రౌండ్ చుట్టూ అతను నెమ్మదిగా నడుస్తుంటే ఎవరూ అటు చూడరు. మేనేజర్ పని మాత్రం నాలా చేయడం లేదు. ప్రాక్టీసు అయ్యాక ఒక్కొక్కర్నీ బల్ల మీద పడుకోబెట్టి కాళ్లు, చేతులు తడిమి చూస్తున్నాడు. చర్మం ఎక్కడ వాచిందో, ఎక్కడ రంగు మారిందో నఫీసాని అడిగి తెలుసుకుంటున్నాడు. ఒక్కొక్కరికి పావుగంట పడుతోంది. త్రివేణి విసుక్కుంది గాని పడుకుంది.

వారం 7, ఆదివారం

చివరి మ్యాచ్. ఐదో గనితో. గెలిచినా, సమానంగా ముగిసినా మేము ఆరో స్థానంలో ఉంటాం. ఓడితే ఏడు.

మూడో భాగం అయ్యేసరికి రెండు రెండు. ఇంకా ఆరు నిమిషాలుందనగా స్టిక్ తగిలి రాజకళ కనుబొమ్మ చీలింది. ఆమెకు తెలియలేదు. చెంప మీంచి రక్తం కారి జెర్సీ మీద పడుతుంటే చెమట అనుకుని తుడుచుకుని ఆడుతూనే ఉంది. అంపైర్ ఆట ఆపి బయటికి పంపాడు. రక్తం ఆగేదాకా రాకూడదు.

దేవదానం సారు నా వైపు చూడలేదు. నేనే లేచాను.

బంతి అంత వేగంగా ఎదురు రావడం చూసి ఏడేళ్లయింది. రెండుసార్లు బంతి ఆపాను, ఒకసారి వదిలేశాను, త్రివేణి అందుకుంది. ఇంకా పది సెకన్లు ఉందనగా వాళ్లకు పెనాల్టీ కార్నర్ పడింది. ముఖానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు తొడుక్కుంటుంటే, మొదట నేను ఉరుకుతా అని త్రివేణి అంది.

“నువ్వు గోల్ స్తంభం దగ్గరుండు,” అన్నాను. “నాకు దారి ఎరికే.”

దారి తెలుసు. ఎడమ కాలితో మొదలుపెట్టి ఏడు అడుగులు, స్టిక్ నేలకు రాస్తూ, బంతి వైపు కాక కొట్టే మనిషి నడుము వైపు చూస్తూ ఉరకాలి. కాళ్లు వయసు ప్రకారం కదిలాయి గాని దారి తప్పలేదు. కొట్టేది ఐదో గని పిల్ల. ఆ పిల్ల కొట్టింది. నా చీలమండకు తగిలి బంతి పక్కకు పోయింది. శబ్దం విన్నాను. ఎండిన పుల్ల విరిచినట్టుంది. స్టిక్‌కి తగిలిందేమో అనుకున్నాను.

మోకాలి కింద తగిలితే మళ్లీ పెనాల్టీ కార్నరే. అంపైర్ చెయ్యి చూపాడు. గడియారం ఆగింది. గీత వెనక్కి నడిచి వచ్చాను. అవతలి గీత దగ్గర ఓదెలు చేతికర్ర ఎత్తి ఏదో అంటున్నాడు. జనం అరుపుల్లో వినబడలేదు. బాగా ఉరికావంటున్నాడనుకున్నాను.

రెండోసారి ఉరికాను. ఆరో అడుగుకే ఆ పిల్ల కొట్టింది. నేను ఆలస్యమయ్యాను. బంతి నా స్టిక్ చివర గీరుకుని పైకి లేచి గోల్ కర్ర మీది నుంచి పోయింది. ఆట అయిపోయిందని విజిల్ వేశారు. రెండు రెండు.

అందరూ నా మీద పడ్డారు. లేవబోతే కుడి పాదం పక్కకు తిరిగి ఉంది. అప్పుడు చూశాను.

వారం 8, సోమవారం

చీలమండలో రెండు చోట్ల విరిగింది. మొదటి దెబ్బకు ఒకటి, దాని మీద పరుగెత్తడంతో రెండోది. అతుక్కోవడానికి ఐదు నెలలు, అతుకుతుందని మాట ఇవ్వలేనంది నఫీసా. మొదటి దెబ్బకే పాదం వంకర పోయిందని, నిన్న ఓదెలు అరిచింది అదేనని చెప్పింది. ఆగమన్నాడట.

ఆరో స్థానం నిలిచింది. గదులు ఎక్కడివక్కడ ఉన్నాయి. కొత్త సీజన్ జాబితా బుధవారానికి ఇవ్వాలి. రాయాల్సింది మేనేజర్. అంటే ఓదెలు.

వారం 8, బుధవారం

మంచం దగ్గరికి వచ్చాడు. స్వరూప కూడా వచ్చింది, గుమ్మం దగ్గర నిలబడింది. స్టూలు లాక్కుని కూర్చోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. కాగితం చేతిలో ఉంది గాని దాని వైపు చూడకుండానే చెప్పాడు.

“జాబితాల నీ పేరు లేదక్కా.”

ఊఁ అన్నాను.

“మేనేజర్ పేరు నాదే ఉంచిన. తీస్తె స్వరూప బతకది. డిఫెండర్లల్ల నీ పేరు రాస్తె గది ఉంటది, ఎవరు అడగరు. నఫీసక్క గూడ సరే అంటది. కాని మల్ల ఆడాలె. ఇంకొక్క ఉరుకు ఉరికితె నీకు కాలుండది.”

ఈ మాటలన్నీ ముందే అనుకుని వచ్చినట్టు వరసగా చెప్పి ఆగాడు. నిన్నంతా నేను వేరేగా అనుకున్నాను. నా కుర్చీ నాకు తిరిగిస్తాడని కాదు, ఏదో ఒక మూల నా పేరు ఇరికిస్తాడని. నేను అతనికి అట్లాగే చేశాను కదా. రాయడం కష్టమైందా అని అడిగాను.

“లేదు. పొద్దున వచ్చిన, నువ్వు పండుకున్నవ్. నీ కాలు చూసుకుంట రాసిన,” అన్నాడు.

ఏడేళ్లు నేను జాబితాలు రాశాను. అన్నీ గోడ మీది పట్టిక చూసి రాసినవే. ఎవరు లేరు, ఎవర్ని ఎక్కడికి జరపాలి, ఇంకా ఎందరు మిగిలారు. ఒక్కటీ మనుషుల కాళ్లు చూసి రాయలేదు. అతనితో ఆ మాట అన్నాను. అతను తల వంచుకున్నాడు. స్వరూప గుమ్మం వదిలి వచ్చి నా దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది.

వారం 8, శనివారం

ఇది నా చివరి పేజీ. రేపటి నుంచి రిజిస్టర్ త్రివేణి రాస్తుంది.

సామాను నిన్ననే త్రివేణి, రాజకళ మోసుకెళ్లారు. లిఫ్ట్ షిఫ్ట్‌కి పోయేవాళ్లకే కాబట్టి నేను మెట్లెక్కాలి. మొదటి లెవెల్ దాకా రెండు వందల పన్నెండు మెట్లు. చంకల కింద కర్రలు పెట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. ఓదెలు తనూ వస్తానన్నాడు. వద్దన్నాను. నఫీసా ఇద్దర్నీ తిట్టి, అతను మొదటి మలుపు దాకానే, నలభై మెట్లే అంది.

నా సూది ఇంకా మూడు వారాలు పని చేస్తుంది. అతనిది పోవాల్సిన రోజు దాటింది గాని ఒంట్లోంచి ఇంకా పోలేదు. ఎక్కుతుంటే ఇద్దరికీ ఏమీ తెలియదు. కాలు నొప్పెడుతోందా, తుంటి జరుగుతోందా, ఎక్కడ ఆగాలి, ఏదీ తెలియదు. అందుకని నఫీసా మా వెనకే నడుస్తూ మెట్లు లెక్కపెడుతోంది.

పది కాగానే “కూసోండి” అంటుంది.

ఇద్దరం కూర్చుంటాం.